మా ఆవిడ గొంతు లేని క్లాసు

మా ఆవిడ మాట్లాడకుండా ఉండగలదని డాక్టరు నమ్మాడంటే, అతనికి ఆవిడతో పరిచయం తక్కువని నాకు అప్పుడే అర్థమైంది. గొంతులో చిన్న బుడిపె ఉంటే తీసేశాడు. భయపడాల్సిందేమీ లేదు గానీ, తను చెప్పేదాకా నోరు విప్పకూడదన్నాడు. గుసగుసలు కూడా వద్దన్నాడు. ఆవిడ బుద్ధిగా తలూపింది. ఇంటికి రాగానే ఒక పలక వెతికి పట్టుకుంది. ఆ పలక మీదే నన్ను తిట్టడం మొదలుపెట్టింది.

ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఆవిడ చిన్నపిల్లల బడిలో టీచరు. రిటైరయ్యాక కాలు మీద కాలేసుకుని కూర్చుంటుందనుకున్నాను. కూర్చుంది, కంప్యూటర్ ముందు. రోజూ సాయంత్రం రెండో క్లాసు, మూడో క్లాసు పిల్లలు తెరమీద చేరతారు. పెద్ద అక్షరాలతో ఒక బొమ్మల కథ పెడుతుంది, అదే కథ నాలుగు రోజులు. ఆవిడ ఒక వాక్యం చదువుతుంది, పిల్లలంతా గొంతు కలిపి అదే వాక్యం చదువుతారు. చివర్లో కథ గురించి రెండు వాక్యాలు రాసి నోటుబుక్కు కెమెరాకి చూపించాలి. ముందుగదిలో నేను కుట్టుమిషన్లు బాగుచేసుకుంటూ ఉంటాను. మిషన్ల రొదని దాటుకుని ఆవిడ గొంతు వీధిలోకి వెళ్ళేది. ఆ కథలన్నీ నాకు కంఠతా వచ్చు. బాబిన్ల కోసం వచ్చేవాళ్ళకి కూడా సగం వచ్చు.

ఆ పిల్లల్లో వసపిట్ట అంటే ఆవిడకి పంచప్రాణాలు. మూడో క్లాసు చదివే ఆ పిల్ల నోరు మూతపడదని మా ఆవిడే ఆ పేరు పెట్టింది. తెరమీద బొమ్మ మారకముందే తర్వాతి వాక్యం గడగడా చదివేసేది. "చూశారా, దాని చదువు నాకంటే ముందు పరిగెడుతోంది" అని మా ఆవిడ మురిసిపోయేది. రాయమంటే కథలోని వాక్యాన్నే ముత్యాల్లాంటి అక్షరాలతో దించేసేది. బొమ్మ మారకుండా అక్షరాలు ఎలా కనపడ్డాయని ఆవిడా అడగలేదు, నేనూ అడగలేదు.

ఆపరేషన్ తర్వాత మొదటి క్లాసు. కొత్త కథ పెట్టి, బాణం గుర్తుని మొదటి మాట దగ్గర నిలబెట్టి, చదవమన్నట్టు చెయ్యి ఊపింది. పిల్లలు నీళ్ళు నమిలారు. ఇద్దరు ముగ్గురు కూడబలుక్కుంటూ ఒక వాక్యం లాగారు. వసపిట్ట మాత్రం తెరకేసి చూస్తూ కూర్చుంది.

"టీచర్, మీరు ముందు చదవండి" అంది.

మా ఆవిడ గొంతు చూపించి, కుదరదని చెయ్యి తిప్పింది.

"అయితే మా మైకు పాడైంది టీచర్" అంది వసపిట్ట. పాడైన మైకులోంచి ఆ మాట ఖంగున వినపడింది. వెంటనే ఆ పిల్ల ఉన్న గడి నల్లబడిపోయింది. మర్నాడు క్లాసుకి రాలేదు, ఆ తర్వాతా రాలేదు.

మా ఆవిడ పలక ఒళ్ళోకి లాక్కుంది. రాసి నాకు చూపించింది: "వాళ్ళు ఇన్నాళ్ళూ చదవలేదు. నన్ను విన్నారు." కళ్ళనిండా నీళ్ళు. ఆవిడ దిగులంతా వసపిట్ట గురించే. తనకేమీ రాదని ఆ పిల్ల ఇప్పుడు నిర్ధారణ చేసుకుంటే ఇక పుస్తకం మొహం చూడదని భయం. నేను వాళ్ళమ్మకి ఫోన్ చేశాను.

"ఏం చెప్పమంటారండీ" అందామె. "టీచరుకి తెలిసిపోయిందని ఒకటే ఏడుపు. ఆవిడ గొంతు లేకపోతే దీనికి అక్షరాలు కనపడవంట."

పలక మీద జవాబు వచ్చింది: "చదవక్కర్లేదు. కథ తననే చెప్పమనండి."

చెప్పడమంటే వసపిట్టకి కొత్తేముంది? మర్నాడు క్లాసుకి ముందే తెరమీదకొచ్చింది. మా ఆవిడ తన నోరుగా నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "మీ ఇంట్లో ఏమైందో చెప్పమ్మా" అన్నాను. వాళ్ళ పిల్లి బట్టల అలమరలో దూరి నాన్న చొక్కాల మీద పిల్లల్ని పెట్టిందట. నాన్న అరిచాడట. పిల్లి మంచం కింద దూరిందట. ఆ పిల్ల చెబుతుంటే మా ఆవిడ ఒక్క మాట పొల్లుపోకుండా తెరమీద టైపు చేసింది.

"అయ్యో, ఇవి నా మాటలే!" అంది వసపిట్ట. చదవమంటే గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పేసింది. నేను చప్పట్లు కొట్టబోయాను. మా ఆవిడ నా చెయ్యి పట్టుకుని ఆపింది.

మర్నాడు మళ్ళీ అదే కథ పెట్టింది, కొద్దిగా మార్చి. ఆ సంగతి నాకూ చెప్పలేదు. వసపిట్ట ధీమాగా మొదలుపెట్టింది.

"నాన్న అరిచాడు. పిల్లి మంచం..."

మా ఆవిడ వేలు అడ్డంగా ఊపింది. ఆ పిల్ల ఆగిపోయింది. మొహం చిన్నబోయింది. ఇక వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. ముక్కు తెరకి ఆనేంత ముందుకి వంగింది.

"పి...ల్లి... అ...రి...చిం...ది." కాసేపు ఆగింది. "నా...న్న... మం...చం... కిం...ద..." అంటూ ఒక్కసారిగా కేక పెట్టింది. "టీచర్! నాన్న మంచం కింద దూరాడని రాశారు! తప్పు టీచర్!"

మా ఆవిడ గొంతు పట్టుకుని, శబ్దం లేకుండా పడీ పడీ నవ్వింది.

"ఇంకా తప్పులున్నాయేమో వెతుకు" అన్నాను. ప్రతి వాక్యం తడుముకుంటూ వెతికింది. దొరికినకొద్దీ ఆ పిల్లకి హుషారు పెరిగింది. తర్వాత్తర్వాత తనే సొంతంగా రాసి, కావాలని తప్పులు పెట్టి, మమ్మల్ని వెతకమనేది.

కొన్నాళ్ళకి డాక్టరు మాట్లాడొచ్చన్నాడు. గుమ్మం దాటగానే, "మిషన్ నూనె చేతుల్తో తలుపు ముట్టుకోవద్దని ఎన్నిసార్లు చెప్పాలండీ?" అంది. కాస్త బొంగురుగా ఉంది గానీ నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ సాయంత్రం "ఎలా ఉన్నారర్రా?" అనేసరికి తెరంతా గోల.

"కథ మీరే చదవండి టీచర్!"

"వద్దు, ముందు నేను!" అంది వసపిట్ట.

కొత్త కథ. మెల్లగానే అయినా తనే చదువుకుంటూ వెళ్ళింది. సగంలో ఒత్తుల మీద ఒత్తులున్న ఒక మాట దగ్గర ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి, మళ్ళీ ఆగింది. మా ఆవిడ పెదవులు విచ్చుకున్నాయి. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చేసింది, గుమ్మంలోంచి నాక్కూడా కనపడుతోంది. రెండు చేతులతో నోరు గట్టిగా మూసుకుంది. పిల్ల తంటాలు పడినంతసేపూ ఆ చేతులు తీయలేదు.

వసపిట్ట ఆ మాట పూర్తిగా చదివి, ఆగకుండా తర్వాతి వాక్యంలోకి వెళ్ళిపోయింది.

క్లాసయ్యాక మా ఆవిడ కంప్యూటర్ ఆపి, కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగింది.

"ఆపరేషనే నయమండీ" అంది. "గొంతుండి ఊరుకోవడం ఎంత కష్టమో!"