లంగాల కంపెనీ మొదటి బ్యాలెన్స్ షీటు

నేను తయారుచేసిన మొట్టమొదటి బ్యాలెన్స్ షీటు తప్పు. కూడికల్లో తప్పు లేదు. కూడికలు నాకు చిన్నప్పటినుంచీ బాగా వచ్చు, ఆ గర్వం ఇప్పటికీ పోలేదు. రాయాల్సిన ఖర్చులు రాయలేదు, అదే తప్పు. దాన్ని నమ్ముకుని ఒక పెద్దమనిషి తనకున్న ఒక్కగానొక్క ఇంటిని బ్యాంకులో తాకట్టు పెట్టబోయారు. తలచుకుంటే ఇప్పుడు కూడా నా చెవులు వేడెక్కుతాయి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, బీకామ్ అయి, ఆర్నెల్లు కంప్యూటర్ నేర్చుకుని, రాజమండ్రిలో ఒక బట్టల కొట్లో లెక్కలు రాయడానికి చేరాను. కొట్టు వెనక చెక్కమెట్లు ఎక్కితే నా గది. కాస్త నిటారుగా నిలబడితే ఫ్యాను రెక్క నెత్తికి తగులుతుంది. అంతకుముందు ఆ కొట్లో ఆడపిల్ల లెక్కలు రాయడం ఎవరూ ఎరగరు. మొదటి నెలంతా సేల్స్‌మెన్ నన్ను ‘మేడమ్ గారండీ’ అని పిలిచి ఏడిపించారు.

యజమానులు ఇద్దరూ అన్నదమ్ములు. గల్లా దగ్గర కూర్చునే అన్నగారు పెద్ద షావుకారుగారు. తమ్ముడుగారికి యాభై దాటినా చిన్న షావుకారుగారే. వెనక వీధిలో ఉన్న కుట్టు విభాగం ఆయన చూసుకునేవారు. ఇరవై రెండు మిషన్లు, ఇరవై రెండుమంది ఆడవాళ్ళు. నైటీలు, చిన్నపిల్లల గౌన్లు కుట్టేవాళ్ళు గానీ ఎక్కువ భాగం లంగాలే. ఊళ్ళో దాన్ని లంగాల కంపెనీ అనేవారు. ఆయన ముందు మాత్రం ఎవరూ అనేవాళ్ళు కాదు.

నేను చేరిన కొన్నాళ్ళకి చిన్న షావుకారుగారు ఆ విభాగాన్ని కొట్టు నుంచి విడగొట్టి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ చేశారు. గొడవలేం లేవు. పెద్దాయనే ముహూర్తం పెట్టించి, బోర్డు రాయించి, కొబ్బరికాయ కొట్టారు. కానీ చిన్నాయన మనసులో ఒక ముల్లుండేది. నాతో రెండుమూడుసార్లు అన్నారు కూడా. “కొట్టు లాభంలో సగం నా మిషన్లు కుట్టిందేనమ్మా. విడిగా లెక్క వేస్తే గానీ ఎవరికీ తెలీదు.” ఆ లెక్క వేసే భాగ్యం నాకు దక్కింది.

మొదటి ఏడాది గడిచాక ఆయన బ్యాంకుకి అప్పుకోసం వెళ్ళారు. బ్యాంకువాళ్ళు ఆ ఏడాది లెక్కలతో పాటు, అంతకుముందు మూడేళ్ళు కూడా కంపెనీ విడిగా ఉండి ఉంటే ఎలా ఉండేదో అలా లెక్కకట్టి ఇమ్మన్నారు. పుట్టకముందు పిల్ల ఎంత బరువుందో చెప్పమన్నట్టుంది నాకు. కొట్టు పుస్తకాల్లోంచి కుట్టు ఖర్చులు ఏరడానికి కూర్చున్నాను. కరెంటు మీటరు ఒకటే. అద్దె లేదు. కుట్టే ఆడవాళ్ళ మధ్యాహ్నం భోజనం పెద్దాయన ఇంటి వంటింట్లోంచి వచ్చేది. అన్నిటికంటే చిత్రం, లంగాల గుడ్డకి అసలు ఖరీదే లేదు. పుస్తకంలో ‘ముక్కలు’ అని ఉంది, ఎదురుగా సున్నా.

గుడ్డ తాను మొత్తం అమ్ముడుపోయాక చివర మిగిలే ముక్కల్ని ఆ కొట్టు అమ్మదు. అవి ఇంటివాళ్ళవి. పనివాళ్ళకీ, చుట్టాలకీ ఇచ్చేస్తారు. కుట్టు విభాగం మొదలయ్యాక అన్నీ అక్కడికే వెళ్ళేవి. ఇప్పుడు కంపెనీ వేరు కాబట్టి వాటికి ధర కట్టాలి కదా అని కిందకి దిగి పెద్దాయన్ని అడిగాను.

“ముక్కలకి బిల్లేంటమ్మా?” అన్నారు.

“కంపెనీ వేరయింది కదండీ.”

“బోర్డు వేరయింది. వాడు నా తమ్ముడు కాకుండా పోయాడా? అద్దే లేదు, కరెంటూ లేదు, ముక్కలూ లేవు. ఎప్పుడూ ఎలా రాసేవారో అలాగే రాయి.”

జీతమిచ్చే మనిషి మాట. పైగా ఆ మాట నాకు బాగా నచ్చింది కూడా. ఎంత మంచి అన్నగారో అనుకుంటూ అలాగే టైపు చేసేశాను. నాలుగేళ్ళూ లాభమే. అందులోనూ లంగాల మీద వచ్చిన లాభం చూస్తే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయి. ఆడిటర్ గారు ఇంకా చూడలేదు, ఇది చిత్తుప్రతే అని చెబుతున్నా వినకుండా చిన్న షావుకారుగారు ఆ కాగితాలు బ్యాంకుకి పట్టుకెళ్ళిపోయారు. మర్నాడు నాకు ఒక డబ్బా తాపేశ్వరం కాజాలు పంపించారు. ఆ వారంలోనే ఇంకో ఇరవై మిషన్లకి కొటేషన్ తెప్పించారు. అన్నీ లంగాలకే. హామీగా ఇల్లు.

ఆ ఇల్లు తప్ప ఆయనకి ఇంకేం లేదు. కొన్నేళ్ళ కిందట తన వాటా పొలం అమ్మి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు వేస్తే, వైరస్ వచ్చి రెండు పంటలూ పోయాయి. అదంతా ఊరందరికీ తెలిసిన కథే.

ఆడిటర్ గారు వచ్చే ముందు సరుకు లెక్కపెట్టడానికి వెనక వీధికి వెళ్ళాను. కత్తిరించే బల్ల దగ్గర ఉన్న పెద్దావిడ టేపు ఇచ్చి, “కొలుచుకోండమ్మా, ఇవన్నీ కొట్టు ముక్కలే” అంది. మొదటిది మీటరున్నర. రెండోది పది మీటర్లు. మూడోదీ పదే. అంచు మీద మిల్లు ముద్ర చెక్కుచెదరకుండా ఉంది. ముద్ర తాను మొదట్లో ఉంటుంది, అమ్మకంలో ముందు పోయేది ఆ భాగమే; అది ఉన్న పదిమీటర్ల ముక్క ఎక్కడైనా మిగులుతుందా? ఎవరో కొత్త తాను విప్పి, సగానికి కోసి, ముక్కల మూటలో కట్టి పంపుతున్నారు.

“ఎప్పటినుంచి ఇలా వస్తున్నాయండీ?” అన్నాను.

“మొదట్నుంచీ ఇంతేనమ్మా. పెద్ద బాబుగారు స్వయంగా కోసి పంపిస్తారు. పొద్దున్నే కొట్టు తీయగానే.”

గదిలోకి వచ్చి పెన్సిలుతో మళ్ళీ లెక్క వేశాను. గుడ్డ ధర, అద్దె, కరెంటు, భోజనాలు. లాభమున్న నాలుగేళ్ళూ నష్టంలోకి పోయాయి. ఇరవై మిషన్లు వస్తే ఆ నష్టం రెట్టింపవుతుంది, ఇల్లు పోతుంది.

ఆ కాగితం పెద్దాయన ముందు పెట్టాను. ఆయన ఒకసారి చూసి తిరిగి నా చేతిలో పెట్టేశారు.

“నాకు తెలుసమ్మా.”

“తెలిసీ ఎలా ఊరుకున్నారండీ?”

ఆయన గల్లా మూత వేసి చెప్పారు. “రొయ్యలు పోయాక వాడు మంచం మీదనుంచి లేవలేదు. నాలుగు నెలలు. స్నానం కూడా మా మరదలు బతిమాలితే చేసేవాడు. ఏదో ఒక పని పెడితే లేస్తాడని మిషన్లు కొన్నాను. లాభం వస్తుందంటే పొద్దున్నే స్కూటరెక్కి వచ్చేవాడు. దానికోసం నాలుగు తాన్లు కోస్తే నాకేం పోయింది?”

“ఇప్పుడు ఇల్లు పోతుందండీ.”

“నేనుండగా పోనిస్తానా?”

“మీరెన్నాళ్ళని కోస్తారండీ?”

ఆ మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలీదు. అప్పటికి ఆయనకి అరవై ఎనిమిది. “వాడికి చెప్పకమ్మా, వాడు మళ్ళీ పడుకుంటాడు” అన్నారు. ఆయన భయం లెక్కల గురించి కాదని అప్పుడర్థమైంది.

రెండు రోజులు ఆ కాగితం ఎవరికీ చూపించకుండా దగ్గరే ఉంచుకున్నాను. చెబితే చిన్నాయన మంచం ఎక్కుతారేమో. చెప్పకపోతే ఇల్లు పోతుంది. పోనీ నా ఉద్యోగం కదా పోయేది అని ధైర్యం చెప్పుకుందామన్నా, ఆ ఉద్యోగం కూడా నాకు కావాలి. మూడోరోజు పొద్దున్న తొమ్మిదింటికి చిన్న షావుకారుగారింటికి వెళ్ళాను. బ్యాంకు లాయరుకి ఇవ్వడానికి ఇంటి దస్తావేజులు బల్ల మీద పరిచి వరస పెట్టుకుంటున్నారు. “రామ్మా, సమయానికొచ్చావు” అన్నారు. వాటి పక్కన నా పెన్సిలు కాగితం పెట్టాను.

వ్యాపారస్తుడికి విడమరిచి చెప్పక్కర్లేదు. పైనుంచి కిందకి ఒక్కసారే చదివారు. గుడ్డ దగ్గర ఆయన వేలు ఆగింది.

“పది మీటర్ల ముక్కలా?” అన్నారు. “ఇన్నేళ్ళూ నేనెప్పుడూ కొలవలేదమ్మా.”

కాగితం మీంచి తలెత్తి నన్ను చూశారు.

“అన్నయ్యకి తెలుసా?”

“తెలుసండి.”

“ఎప్పటినుంచి?”

“ఆయనే కోసి పంపిస్తున్నారండి.”

ఆయన కాగితం మడిచి చేతిలో పట్టుకున్నారు. మెల్లగా అన్నారు. “అన్నయ్య నా కష్టం తింటున్నాడని మా ఆవిడతో ఎన్నిసార్లన్నానో.” ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు. తరవాత దస్తావేజులన్నీ ఒకటొకటిగా కవర్లో పెట్టి, బీరువాలో దాచి తాళం వేశారు. “నువ్వు కొట్టుకి పదమ్మా. నేనొస్తున్నాను.”

ఆ ఏడాది నష్టమే చూపించాం. మొదటి కాగితాలు తప్పని బ్యాంకుకి నేనే వెళ్ళి చెప్పాను, చివాట్లు తిన్నాను. అప్పు రాలేదు. మిషన్లు పన్నెండుకి తగ్గాయి, లంగాలు మానేసి స్కూలు యూనిఫారాలు పట్టుకున్నారు. పని పోయిన పదిమందిలో కొందరు ఎక్కడెక్కడో కుదురుకున్నారు, కొందరి ముఖం చూడలేక నేను ఆ వీధి తప్పించి నడిచేదాన్ని. మూడో ఏట వచ్చిన లాభం కాజాల డబ్బాకి సరిపోయేంతే గానీ అది నిజమైన లాభం. ఇదంతా తరవాతి సంగతి. ఆ పొద్దున్న కొట్లో జరిగింది మాత్రం నిన్న మొన్నటిలా ఉంది.

తమ్ముడి చేతిలో పెన్సిలు కాగితం చూడగానే పెద్దాయన నావైపు చూశారు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను.

“అన్నయ్యా, నాలుగు తాన్లు కావాలి. బిల్లు రాయి” అన్నారు చిన్నాయన.

“ఇప్పుడవన్నీ ఎందుకురా?”

“బయటవాళ్ళకి ఎంతో నాకూ అంతే వెయ్యి.”

“నష్టమొస్తుందిరా.”

“రానీ. ఎంత వస్తుందో నాకు తెలియాలి కదా.”

పెద్దాయన కాస్సేపు తమ్ముణ్ణి చూశారు. మంచం మీద పడుకున్న మనిషి కోసం వెతుకుతున్నట్టు చూశారు. ఆ మనిషి అక్కడ లేడు, చేతులు కట్టుకుని నిలబడి ఎదురుచూస్తున్న ఖాతాదారు ఉన్నాడు. బిల్లు పుస్తకం తీసి, కార్బన్ పెట్టి, కంపెనీ పేరు పూర్తిగా రాసి, మీటరు ధర తగ్గించకుండా వేశారు. నేను ఆయన భుజం మీదుగా లెక్క చూసుకున్నాను, పైసా తేడా లేదు.

కొత్త ఖాతాదారు మొదటి బిల్లు అందుకున్నప్పుడు షావుకారు లేచి నిలబడి నమస్కారం పెట్టడం ఆ కొట్టు పద్ధతి. అలవాటు చొప్పున ఆయన లేచారు, చేతులు కలపబోయి ఆపేశారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళకి దణ్ణం పెడితే ఆయుష్షు తగ్గుతుందని మా వైపు నమ్మకం. ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక బిల్లు మడిచి తమ్ముడి జేబులో పెట్టారు.

“ఎప్పుడు కడతావు?”

“నెల తిరక్కుండా.”

“తిరిగితే వడ్డీ పడుతుంది. ఎవరికైనా అంతే.”

“వేసుకో” అన్నారు చిన్నాయన నవ్వుతూ.

పెద్దాయన సేల్స్‌మెన్ వైపు తిరిగి, తాన్లు రిక్షాలో ఎక్కించమని చెప్పారు. “కూలి మనం ఇవ్వద్దు. వాడు ఇచ్చుకుంటాడు” అన్నారు.