దొరవారి కుక్కలతో భూపాలపల్లికి

కుక్కల్ని రైలెక్కించాలంటే వాటికీ టికెట్టు కొనాలనీ, గార్డు పెట్టెలో ఉండే గూట్లో కూర్చోబెట్టాలనీ శనివారం జనగామ స్టేషన్లో ఒక గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. మా దొర దాన్ని మర్యాదగా తీసుకోలేదు. "నా టైగరు డబ్బాల కూసుంటదా? నువ్వు కూసుంటవా డబ్బాల?" అని ప్లాట్‌ఫారం మీదే లేచాడు. దాంతో మా ప్రయాణం రైలు నుంచి కారుకు మారింది. ఆ కారుకు డ్రైవరును నేనే కాబట్టి, కుక్కల పరువు కాపాడే భారం నా మీద పడింది.

సంస్థానమంతా ఇంకా నైజాం రాజ్యమే నడుస్తున్నా, పాలకుర్తి పక్కన మా ఊళ్ళో అప్పటికే సంఘం మాట చెల్లుతోంది. సోమవారం పొద్దున దొర ఉండే గడి ముందర ఆయన భూములు పంచుతామని చాటింపు వేశారు. అందుకని దొర ఆదివారమే బయలుదేరాడు. పారిపోతున్నామని ఎవరూ అనకూడదు. భూపాలపల్లి వైపు అడవిలో ఉన్న బావమరిది రమ్మన్నాడని చెప్పాలి. తాను రమ్మన్నట్టు పాపం ఆ బావమరిదికి కబురు లేదు.

ఉదయం ఆరింటికి కారు సర్దాం. వెనుక సీటు మీద టైగరు, లిల్లీ అనే రెండు వేటకుక్కలు. వాటి పక్కన, పరదా వెనక దొరసాని. ఆమె ఒళ్ళో బుట్ట, బుట్టలో నెమలి. నెమలి తోక బుట్టలో పట్టలేదు, అందుకని కిటికీలోంచి బయటికి వదిలారు. ముందు సీట్లో నా పక్కన దొర, ఆయన కాళ్ళ కింద తుపాకి. పెట్రోలు డబ్బాలు, కుక్కల జొన్నరొట్టెల మూట వెనక డిక్కీలో. ఇంత సర్దాక మనిషికి చోటు లేకపోయింది కనుక, సాయిలు కారు పక్కన ఫుట్‌బోర్డు మీద నిలబడ్డాడు.

సాయిలు పని కుక్కలకు తిండి పెట్టడం. జీతం లేదు, అది వెట్టి. వాళ్ళ తాత దొర తాతగారి కుక్కలకు పెట్టాడు. ఈ కుక్కలు ఇతని చేతి నుంచి తప్ప ఇంకెవరి చేతి నుంచీ ముద్ద ముట్టవు. ఈ గొప్పతనం వల్లే అతన్ని తీసుకొచ్చారు. ఇంజను లేపడానికి నేను హ్యాండిల్ తిప్పుతుంటే అతను పక్కకొచ్చి మెల్లగా అన్నాడు: "డ్రైవరన్నా, రేపు పొద్దున నేను ఊళ్ళె ఉండాలె. దొర ఎంబడి పోయినోడు దొర మనిషేనట, వానికి భూమి లేదట. నా పెండ్లాం లచ్చవ్వ పొద్దుగాల్నుంచి ఏడుస్తున్నది."

నేను "చూద్దాంలే" అన్నాను. చూడడానికి నాకేమీ లేదు. నెల జీతం తీసుకునేవాణ్ణి కనుక వెట్టివాడి కంటే ఒక మెట్టు పైన ఉన్నానని అప్పట్లో నాకు గట్టి నమ్మకం.

తొర్రూరుకు ఏడున్నర. అక్కడి నుంచి మానుకోటకు తిన్నగా పోయే బాటలో సంఘం వాళ్ళు చెట్లు నరికి అడ్డం పడేశారు. చుట్టు తిరిగి మరిపెడ మీదుగా పోవలసి వచ్చింది. ఈ దారిన కారులో వెళ్ళదలచినవారు నీళ్ళ కుండ వెంట పెట్టుకోవాలి. మా ఇంజను రెండుసార్లు కాగింది, దొర నాలుగుసార్లు కాగాడు. తొమ్మిదిన్నరకు మరిపెడలో బావి దగ్గర ఆగితే, నీళ్ళు తోడుతున్న ఒక అవ్వ కారంతా కలయజూసి అడిగింది: "కుక్కలు సీటు మీద, మనిషి పీట మీద. గీ సర్కస్ ఏ ఊరికి పోతున్నదయ్యా?"

దొర వినలేదు. దొరసాని విన్నది, పరదా కొంచెం దగ్గరికి లాక్కుంది.

అక్కడే సాయిలు దొర ముందు నిలబడి చేతులు కట్టుకున్నాడు. "బాంచెన్ దొరా, గిక్కడ్నుంచి నన్ను ఇడువుండ్రి. నడుసుకుంట పోయినా రేపటికి చేరుత."

"నువ్వు పోతె కుక్కలకు నీ అయ్య పెడ్తడా?" అన్నాడు దొర.

అప్పుడు పరదా వెనక నుంచి దొరసాని మాట్లాడింది. మా బండిలో తెలివనేది ఏదైనా ఉంటే అది పరదా వెనకే ఉంది. "రేపు అడవిల వీడు పారిపోతె కుక్కలు ఉపాసమే గద. మీరే పెట్టుడు నేర్సుకోండ్రి."

దొర రొట్టె ముక్క చాపాడు. టైగరు మొహం తిప్పుకుంది. లిల్లీ గుర్రుమంది. నేను చాపితే నా చేతుల పెట్రోలు వాసనకు రెండూ తుమ్మాయి. సాయిలు తల గోక్కుని, అవి చెయ్యిని కాదు, తన గొంగడి వాసనను చూసి తింటాయేమోనన్నాడు. వెట్టివాడి గొంగడి కప్పుకోవడమా! దొర మండిపడ్డాడు. అయినా కురవి దాకా ఆలోచించి, గుడి శిఖరం కనబడేచోట మామిడితోటలోకి కారు తిప్పమన్నాడు. అక్కడ ఎవరూ చూడరని ఆయన లెక్క.

పదకొండు గంటలకు, చలికాలపు ఎండ పలచగా కాస్తుండగా, రెండు ఊళ్ళ దొర చొక్కా విప్పి సాయిలు గొంగడి కప్పుకొని కుక్కల ముందు గొంతుక్కూర్చున్నాడు. కుక్కలు గొంగడిని వాసన చూశాయి, తోకలూపాయి, తిన్నాయి. పదేళ్ళలో దొర మొహంలో అంత సంతోషం నేను చూడలేదు. సరిగ్గా అప్పుడే చెట్ల చాటు నుంచి ఆరుగురు సంఘం మనుషులు వచ్చారు. ఇద్దరి దగ్గర తుపాకులు, మిగతావాళ్ళ దగ్గర రాళ్ళు విసిరే వడిసెలలు. ముందున్నాయన కళ్ళజోడు పెట్టుకున్నాడు. చూస్తే బడిపంతులులా ఉన్నాడు.

"మీ దొర ఏడి?" అన్నాడు.

జవాబు కోసం ఆగకుండా కళ్ళజోడాయన నేరుగా గొంగడి మనిషి దగ్గరికి పోయి, చెయ్యి పట్టి లేపాడు. "లే అన్నా. ఇగ కుక్కల ముందట కూసునుడు బందు. నువ్వు ఎవ్వని బానిసవు కాదు, బాంచెనువు కాదు. అను, గట్టిగ అను."

"నేను ఎవ్వని బాంచెనును గాను!" అన్నాడు మా దొర. ఏ వెట్టివాడూ ఆ మాట అంత దర్జాగా అని ఉండడు. సంఘం వాళ్ళ కళ్ళు చెమర్చాయి. కళ్ళజోడాయన అయిదు నిమిషాలు ఉపన్యాసమిచ్చాడు. అంతా అయ్యాక, "నీ చేతులు నేను కడుగుత, తప్పేంది?" అని కుండ వంచి నీళ్ళు పోశాడు.

దొర చేతులు కడుక్కున్నాడు. కడుక్కొని, తల తిప్పకుండా, కుడిచెయ్యి పక్కకు చాపాడు. గడిలో ఆయన చెయ్యి అట్లా చాపితే తువ్వాల వచ్చి అందులో పడుతుంది. ఇక్కడా పడింది. ఇరవై ఏళ్ళ అలవాటు, సాయిలు భుజం మీది తువ్వాల తీసి ఆ చేతిలో పెట్టేశాడు.

పెట్టాక సాయిలు మొహం తెల్లబోయింది. దొర తువ్వాల పట్టుకొని అట్లాగే నిలబడ్డాడు. కళ్ళజోడాయన ఒకసారి ఆ చెయ్యిని, ఒకసారి ఈ చెయ్యిని చూశాడు. తన ఉపన్యాసం ఎవరికి ఇచ్చాడో తెలిసినవాడి మొహం ఎట్లా ఉంటుందో నేను వర్ణించలేను.

"ఈయననా దొర?" అని సాయిలును అడిగాడు.

"అన్నా, ఆయన చెయ్యి సాపిండు, నేను పెట్టిన. అంతకన్న నన్నేం అడగకు" అన్నాడు సాయిలు.

వాళ్ళు కారు వెతికి తుపాకి తీసుకున్నారు. దొరసానిని చూసి దొరనూ, కారునూ వదిలేశారు. సాయిలుకు మాత్రం ఒక చీటీ రాసిచ్చారు, ఈ మనిషి ఇవ్వాళ్టితో దొరను విడిచాడని. కళ్ళజోడాయన వేలు చూపించి చెప్పాడు: "చీటీ ఒక్కటి సాలదు. దొరది సూది గూడ నీ ఎంబడి ఊళ్ళెకు రావద్దు. వస్తె ఈ చీటీ నేనే చింపుత." మానుకోట స్టేషన్లో అతన్ని దింపమని నాకు ఆజ్ఞ. దొర గొంగడిని దులిపి సాయిలు మీదికి విసిరేసి, వెనుక సీట్లో కుక్కల మధ్య ఇరుక్కున్నాడు. సాయిలు నా పక్కన ముందు సీట్లో కూర్చున్నాడు. కూర్చున్నాడంటే, సీటు అంచు మీద ఆనీ ఆనకుండా ఆనాడు.

మానుకోట స్టేషనుకు పన్నెండు దాటాక చేరాం. కాజీపేట వైపు బండి ప్లాట్‌ఫారం మీదే ఉంది. అందులో ఎక్కితే కాజీపేటలో మారి సాయంత్రానికి జనగామ. సాయిలు దిగి పరుగెత్తాడు. అతని వెనక రెండు కుక్కలూ కిటికీలోంచి దూకి పరుగెత్తాయి.

"టైగర్! లిల్లీ!" అని అరుస్తూ దొర కారు దిగి ప్లాట్‌ఫారం మీదికి వచ్చాడు. అవి సాయిలుతో పాటే పెట్టె ఎక్కబోయాయి. సాయిలు దిగితే అవీ దిగాయి. కసిరాడు, తోకలూపాయి. గార్డు ఈల ఊదాడు. సూది కూడా రాకూడదన్నారు, ఇక్కడేమో దూడలంత కుక్కలు రెండు. ఆ మనిషి చేతిలోని చీటీ చెమటకు తడిసిపోతోంది.

సాయిలు భుజాన ఉన్న గొంగడి తీశాడు. వాళ్ళింట్లో మొగుడూ పెళ్ళాలకు చలికి అదొక్కటే ఆధారమని నాకు తెలుసు. దాన్ని తీసుకొచ్చి దొర భుజాల చుట్టూ కప్పి, మెడ కింద ముడి వేశాడు. "ఇగ ఇది మీరే కప్పుకోండ్రి" అన్నాడు. బాంచెన్ అనలేదు. స్టేషనంతా చూస్తోంది. దొర గొంగడి తీసేద్దామని చెయ్యెత్తాడు, కుక్కలు వచ్చి ఆయన పాదాల దగ్గర కూర్చునేసరికి ఎత్తిన చెయ్యి దించేశాడు. సాయిలు ఒక్కడే పెట్టె ఎక్కాడు, బండి కదిలింది.

ఆ తర్వాత నర్సంపేట రెండున్నరకు, ములుగు నాలుగున్నరకు. దారి పొడుగునా అడవి, మధ్యమధ్య వాగులు. గొంగడి తీస్తే కుక్కలు ఏడుస్తున్నాయి కనుక దొర తీయలేదు. భూపాలపల్లి దాటి బావమరిది గడికి చేరేసరికి పొద్దు గుంకుతోంది. కాపలావాడు దొరసానికి దండం పెట్టి, నెమలికి దారిచ్చి, దొరను మాత్రం ఆపాడు. "కుక్కలోడా, నువ్వు ఎనకనుంచి రా." దొర ఎవరో చెప్పాలన్న తొందర నాకేమీ కలగలేదు. నేను టైర్లు చూస్తూ ఉండిపోయాను.

మంగళవారం పొద్దున దొర నన్ను పిలిచాడు. అప్పటికి ఆయన రెండు రోజులుగా రెండు పూటలా గొంగడి కప్పుకొని కుక్కల ముందు గొంతుక్కూర్చుంటున్నాడు. "పోయి సాయిలును తోలుకరా. జీతం ఇస్త అను" అన్నాడు. ఆ ఇంట్లో జీతం అనే మాట సాయిలు పేరుతో కలిసి రావడం అదే మొదలు.

ఎనిమిదింటికి బస్సెక్కి పరకాల మీదుగా హనుమకొండ, కాజీపేటలో రైలు, జనగామలో సత్రం. సత్రంలో పప్పుచారు బాగుంటుంది, నల్లులు ఇంకా బాగుంటాయి. బుధవారం ఉదయం ఎడ్లబండి మీద ఊరు చేరాను. సాయిలు చెరువు కింది మడిలో ఉన్నాడు. రెండెకరాలు అతని పేర రాశారు. గొంగడి లేదు కనుక లచ్చవ్వ పాత చీరను రెండు మడతలు వేసి మెడకు చుట్టుకున్నాడు. నేను గట్టు మీద నిలబడి దొర కబురు మొత్తం చెప్పాను, జీతంతో సహా.

సాయిలు పార ఆనించి విన్నాడు. "డ్రైవరన్నా, నాకు పనుందని చెప్పు" అని మళ్ళీ మడిలోకి వంగాడు.

ఆ మాట గడిలో నేను వేలసార్లు విన్నాను. ప్రతిసారీ అది దొర మాటే. మాకెవరికీ సొంతంగా పని ఉండేది కాదు, నాతో సహా. నాకు సిగ్గు వేసింది. ఆ సాయంత్రం దొరకు కార్డు రాశాను. సాయిలుకు పనుందని మొదటి వాక్యం, నాకూ పనుందని రెండో వాక్యం. రెండోది అప్పటికి అబద్ధమే కానీ, రాశాక మనసుకు హాయిగా అనిపించింది.