నాగులమ్మ ఆడే బతుకమ్మ

“మన వాడకట్టుల బతుకమ్మ లేదా అత్తా? నల్లగొండ దాంక ఉరుకుడేంది?”

“ఈడ నన్ను ఆడనిస్తరా? మీ మామ సచ్చిపోయినంక ఒక్కరన్న పిలిచిండ్రా?”

కోడలు భాగ్యశ్రీ లోపలికి పోయింది. నాగులమ్మ విసురుగా వచ్చి నా ఆటో ఎక్కింది.

పండుగలకు జనం సంస్కృతి కోసం వస్తారని మైకుల్లో ఊదరగొడతారు. నాగులమ్మ మాత్రం అక్కడ తననెవరూ గుర్తుపట్టరని పోతుంది. మా వాడకట్టులో భర్త పోయిన ఆడదాన్ని బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొట్టనివ్వరు. నల్లగొండ మైదానంలో అంతమంది ఆడుతుంటే ఎవరు ఎవరని ఎవరడుగుతారు?

రామన్నపేట దాటగానే ఆమె ఆటో అద్దంలోకి వంగి, వేలితో నుదుట బొట్టు పెట్టుకుంది. తర్వాత నన్ను బతిమాలింది.

“ఎవలన్న అడిగితె, మా ఆయన పొలం కాడ ఉన్నడని చెప్పు బిడ్డా.”