కొండ లాడ్జి కర్టెన్లు

కుట్టుమిషను తొక్కుతున్న కాలు ఉన్నట్టుండి ఆగింది. సగం కుట్టిన గుడ్డ మిషను మీదినుంచి జారి ఒళ్ళో పడింది. ఆవిడ దాన్ని ఎత్తలేదు.

"మళ్ళీ చెప్పరా," అంది.

గుమ్మంలో నిలబడి టీ తాగుతున్న తమ్ముడు గ్లాసు దించకుండానే చెప్పాడు. కొండ దారిలో బస్సు నడిపేవాడు కాబట్టి అతని మాటకు తిరుగుండదు. "బావ లాడ్జిలో గది చెప్పిన వారానికి కొండ మీద చెట్లన్నీ పుల్లలే అక్కా. నువ్వు చూడాలంటున్న ఆ ఎరుపూ పసుపూ వచ్చే వారం ఉంటాయి. ఆ తర్వాత ఒక్క గాలి కొడుతుంది. అంతే, శుభ్రం."

"శుభ్రం," అని ఆ మాటను నమిలినట్టుగా అంది ఆవిడ.

పాత గ్రంథాలు రాసినవాళ్ళు శృంగారానికి ఎన్నో భేదాలు చెప్పి, కోపాన్ని మాత్రం రౌద్రమని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఇల్లు నడిపిన ఏ ఆడమనిషినైనా కూర్చోబెట్టి అడిగి ఉంటే ఇంకో గ్రంథం తయారయ్యేది. పాలు పొంగినట్టు పొంగి, నాలుగు నీళ్ళ చుక్కలకే దిగిపోయే కోపం ఒకటి. బూడిద కప్పుకుని లోపల కణకణలాడుతూ, పొయ్యి ఆరిందనుకుని చెయ్యి పెట్టినవాణ్ణి కాల్చే కోపం ఇంకొకటి. ఆ వీధిలో అందరూ కర్టెన్లావిడ అని పిలిచే ఈ ఇల్లాలిది ఈ రెండో రకం. దానికి ఒక గుర్తుంది. మామూలుగా మొగుణ్ణి "మీరు" అనే మనిషి, కోపం ముదిరితే "తమరు" అంటుంది.

ఈ కోపానికి వయసు చాలానే ఉంది. ఆవిడ పెళ్ళయిన కొత్తలో కొండ మీది లాడ్జి పెద్దావిడ బస్సులో ఒక కవరు పంపింది. అందులో కిటికీల కొలతలూ, ఒక ఆకూ ఉన్నాయి. మా గదుల్లోంచి కనిపించే చెట్ల రంగులోనే కర్టెన్లు కావాలి, ఇదే ఆ రంగు, అని కబురు. కవరు ఒక రోజంతా ఎక్కడెక్కడో ఆగి చేతికొచ్చేసరికి ఆకు అంచులు ముడుచుకుని, కాల్చిన ఇటుకకీ తడి మట్టికీ మధ్య రంగులో ఉంది. ఆవిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని బజారంతా తిరిగింది. ప్రతి కొట్టులోనూ గుడ్డ వీధిలోకి తెచ్చి, ఎండలో పరిచి, ఆకు పక్కన పెట్టి చూసింది. చివరికి దొరికింది. కుట్టి పంపింది. అవి చిరిగినప్పుడల్లా మళ్ళీ ఒక కవరు, మళ్ళీ ఒక ఆకు, మళ్ళీ అదే గుడ్డ. తన కర్టెన్లు ఆ కిటికీలకు ఎలా వేలాడుతున్నాయో, వాటిని పక్కకు జరిపితే అవతల ఆ చెట్లెలా ఉంటాయో ఒక్కసారి మొగుడితో కలిసి వెళ్ళి చూడాలని ఆవిడ కోరిక. పెద్ద కోరికేం కాదు. బస్సెక్కితే ఒక్క పూట ప్రయాణం.

కానీ మొగుడు కాలవల మేస్త్రి. ఊళ్ళో మురుగు కాలవలూ, వాటి మీది ఇనప జాలీలూ అతని రాజ్యం. ఆకులు రాలే రోజులంటే లోకంలో ఎవరికైనా ఏదో ఒక దిగులో సరదానో గుర్తుకొస్తుందేమో గాని, మేస్త్రికి మాత్రం యుద్ధం గుర్తుకొస్తుంది. ఆకులొచ్చి జాలీల మీద అట్టలు కడతాయి. వాన పడితే నీళ్ళు దిగవు. వీధి చెరువైతే తిట్లు తినేది మేస్త్రి. కాబట్టి ఆ రోజుల్లో సెలవు లేదు. "వచ్చే ఏడాది చూద్దాంలేవే," అనేవాడు. ఆ వచ్చే ఏడాది రాకుండానే ఉద్యోగమంతా గడిచిపోయింది. ఎండాకాలంలో రిటైరయ్యాడు. దండ వేయించుకుని ఇంటికి రాగానే ఆవిడ ఒకే మాట చెప్పింది. "ఈ ఏడు తీసుకెళ్ళకపోతే ఇంక ఈ జన్మలో అడగను."

అతను నొచ్చుకున్నాడు. "నువ్వు వేలు పెట్టకు. అన్నీ నేనే చూసుకుంటా," అన్నాడు. చూసుకున్న ఘనకార్యం ఇది.

మేస్త్రి మధ్యాహ్నం దాటాక ఇంటికొచ్చాడు. ఉద్యోగం పోయినా చేతిలో కొక్కెం పోలేదు. పొడుగాటి ఇనప కడ్డీ, చివర వంపు. దాంతో జాలీలెత్తి చూడనిదే అతనికి తిన్నది అరగదు. కొక్కేన్ని గోడకు ఆనించి, కాళ్ళు కడుక్కుని లోపలికి రాగానే వినిపించింది.

"తమరు కూర్చోండి."

మేస్త్రి చటుక్కున కూర్చున్నాడు. బావమరిది వైపు చూశాడు. అతను టీ గ్లాసులో ఏదో వెతుకుతున్నాడు.

"లాడ్జిలో గది ఏ వారానికి చెప్పారు?"

"వచ్చే నెల చివరి వారానికి. బాగా ఆలోచించే చెప్పా."

"ఏమాలోచించారు?"

"నువ్వు ఆకులు చూడాలన్నావు. ఆకులు అన్నిటికంటే ఎక్కువుండేది ఆ వారమే. నా సర్వీసంతా చూసినవాణ్ణి, నాకు చెప్తావా?"

"ఎక్కడుంటాయి ఎక్కువ?"

"రోడ్డు మీద."

తమ్ముడికి పొలమారింది. ఆవిడ నవ్వలేదు.

"నేను చూడాలన్నది చెట్టు మీదవి. తమరు అసలు చెట్టనేదాన్ని ఎప్పుడైనా చూశారా?"

"చెట్లు తోటల విభాగం కిందికి వస్తాయే. మాది కాలవల విభాగం."

ఇది అతను వేళాకోళానికి అన్నది కాదు. ఆకు నేలకి తగిలిన క్షణం నుంచే అతని దృష్టిలో అది పుట్టినట్టు. అంతకుముందు దానికొక బతుకుందనీ, అది కొమ్మ మీద పచ్చగా ఉండి రంగు తిరుగుతుందనీ ఎవరూ అతనికి చెప్పలేదు. అతనూ అడగలేదు.

"బావా, వచ్చే వారానికి మార్పించు. అయిపోతుంది," అన్నాడు తమ్ముడు.

మేస్త్రి తల గోక్కున్నాడు. "వచ్చే వారమంటే కుదరదురా. కొత్తగా వచ్చిన మేస్త్రికి జాలీలన్నీ దగ్గరుండి చూపిస్తానని మాటిచ్చా."

"మరి నాకిచ్చిన మాట?" అంది ఆవిడ.

"అబ్బా, నీది ఇంట్లో మాటేనే. ఎటూ పోదుగా."

అతను అనకూడని మాట అదే. ఆవిడ ఒళ్ళో గుడ్డ తీసి మడత పెట్టింది. అంచుకి అంచు కలిపి, అరచేత్తో నొక్కి, ఇంకో మడత పెట్టింది.

"సరే," అంది.

తమ్ముడు బావ చెవి దగ్గరికి వంగాడు. "బావా, అక్క సరే అంది. నువ్వు కొన్నాళ్ళు మా ఇంట్లో ఉంటావా?"

ఆ సాయంత్రం ఆవిడే లాడ్జికి ఫోను చేసి గది మార్పించింది. రెండు సీట్లు చెప్పింది. ఆ తర్వాత ఆ ఇంట్లో అన్నీ పద్ధతి ప్రకారం నడిచాయి. తమరి టీ అక్కడుంది. తమరి తువ్వాలు తాడు మీదుంది. తమరు నీళ్ళు పోసుకోవచ్చు. మేస్త్రి రెండుసార్లు ఏదో మొదలుపెట్టాడు. రెండుసార్లూ మిషను గడగడా మొదలై ఆ మాటను తొక్కేసింది. తర్వాత అతను పొద్దున్నే లేచి వెళ్ళిపోవడం, చీకటి పడ్డాక రావడం మొదలుపెట్టాడు. ఎక్కడికని ఆవిడ అడగలేదు.

ప్రయాణం రోజున ఆవిడ ఒక్కతే బస్సెక్కింది. పక్క సీట్లో సంచి పెట్టింది.

"మొగుణ్ణి ఇంట్లో పెట్టి హనీమూన్‌కి వెళ్తున్న పెళ్ళికూతుర్ని నిన్నే చూశానక్కా," అన్నాడు డ్రైవరు సీట్లోంచి తమ్ముడు.

"నోరు మూసుకుని స్టీరింగు చూసుకో."

అతను ఇంజను స్టార్టు చేశాడు. అద్దంలోకి చూసి ఆపేశాడు. స్టాండు గేటు దగ్గర మోకాళ్ళదాకా బురదతో మేస్త్రి పరిగెత్తుకొస్తున్నాడు. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో కొక్కెం. వెనక ఎవరో కుంటుకుంటూ వచ్చి గేటు పట్టుకుని నిలబడిపోయారు. అది కొత్త మేస్త్రి.

"అయిపోయింది," అన్నాడు మేస్త్రి రొప్పుతూ, మెట్టు మీద నిలబడి. "వారం పని ముందే లాగించేశా. అన్నీ చూపించా. వాడికేం అర్థమైందో వాడికే తెలియాలి."

ఆవిడ అతని మొహం చూడలేదు. కాళ్ళు చూసింది. "చెప్పులు దులుపుకుని ఎక్కండి," అంది. సంచి తీసి ఒళ్ళో పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది. వచ్చాడు, నిజమే. కానీ ఆ కొక్కెం దేనికి?

దారంతా మంచు. అద్దాల అవతల తెల్లగా తప్ప ఏమీ కనబడలేదు. మేస్త్రి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. లాడ్జి చేరేసరికి సందె చీకటి. గదిలో దీపం పసుపు వెలుగులో తన కర్టెన్లు కనిపించాయి. ఆవిడ దగ్గరికెళ్ళి అంచు పట్టుకుని కుట్టు చూసింది. గట్టిగా ఉంది. ఇన్నాళ్ళలో ఆవిడ మొహం కాస్త మెత్తబడింది అప్పుడే.

తెల్లారి లేచేసరికి పక్కన మేస్త్రి లేడు. ఆవిడ శాలువా కప్పుకుని బయటికొచ్చింది. మంచు విడిపోయింది.

రంగుల గురించి చాలామంది చాలా రాశారు. వసంతానికి పద్యాల మీద పద్యాలు పోసిన కవులు ఈ రోజుల దగ్గరికొచ్చేసరికి ఎందుకో కలం మూసేశారు. పోనీ, అదీ మంచిదే. ఆవిడకి పద్యం అక్కర్లేదు. గుడ్డల కొట్లో ఎన్ని తానులు విప్పించినా దొరకని ఎరుపు అది. వెనకనుంచి ఎండ పడి, ఒక్కో ఆకూ లోపల దీపం పెట్టినట్టుంది. కొండంతా అలాగే. 

ఆ చెట్ల కిందే, లాడ్జి పక్క కాలవలో కొక్కెం పెట్టి కెలుకుతూ, నడ్డి వంచి మేస్త్రి. తల ఎత్తకుండానే అన్నాడు. "చూశావా, ఎంత అధ్వాన్నంగా పెట్టారో. నీళ్ళెలా పోతాయి?"

ఆవిడ గబగబా వెళ్ళి అతని చేతిలోంచి కొక్కెం లాక్కుంది. తిట్టడానికి వెనక్కి తిరిగింది. తిరిగినదల్లా ఆగిపోయింది. ఎదురుగా గది కిటికీ. దాని నిండా ఆవిడ కుట్టిన కర్టెన్లు. ఎర్రటి కొండ మధ్యలో, గోడ మీద ఎవరో బురద మెత్తినట్టు.

అప్పుడే లాడ్జి ఆవిడ, అంటే ఆ పెద్దావిడ కోడలు, టీ పట్టుకొచ్చింది.

"ఈ కర్టెన్ల రంగేంటమ్మా ఇలా ఉంది?" అంది కర్టెన్లావిడ. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

కోడలు ఇబ్బందిగా నవ్వింది. "మొదట్నుంచీ అంతేనండీ. మా అత్తగారు అంటుండేవారు, కింద ఊళ్ళోవాళ్ళకి ఆకంటే ఇదే రంగు కాబోలు అని. కుట్టు అంత బావుంటే ఏం చెప్తాం, అలవాటైపోయింది."

"నేను మీరు పంపిన ఆకు చూసే కొన్నాను. ఆకే ఆ రంగులో ఉంది."

"తెంపినప్పుడు ఎర్రగానే ఉండేదండీ."

ఆవిడ మళ్ళీ కిటికీ వంక చూసింది. ఇన్నేళ్ళు. ఒక్కరూ, ఒక్కసారీ చెప్పలేదు. చచ్చిన ఆకుని చేతిలో పెట్టుకుని బజారంతా తిరిగింది. మొగుడు చెట్టు చూడలేదని మండిపడింది. తనేం చూసింది? ఎవరి మీద అరవాలో తెలియక పళ్ళు బిగించి గదిలోకి నడిచింది.

"స్టూలు," అంది.

వెనకే వచ్చిన మేస్త్రి స్టూలు తెచ్చి కిటికీ ముందు వేశాడు. "ఏం చేస్తున్నావే? అవి లాడ్జి వాళ్ళవి."

"నావి. నేను కుట్టినవి. పట్టుకోండి."

అతను స్టూలు పట్టుకున్నాడు. ఆవిడ పైకెక్కి, చేతిలోని కొక్కెం కర్టెన్ల కడ్డీకి తగిలించి ఒక్క ఊపు ఊపింది. రింగులు జలజలా జారాయి. మొదటి కర్టెను మేస్త్రి తల మీద పడింది. అతను దాన్ని తీసి పక్కన పడేసి, గొణుగుతూ తల ఎత్తాడు.

ఎదురుగా కిటికీ నిండా కొండ.

స్టూలు కదిలింది.

"ఎక్కడ చూస్తున్నారు?" అంది ఆవిడ, కోపంగానే.

"ఇవి... ఇంత పైనుంచా రాలేది?"

"స్టూలు సరిగ్గా పట్టుకోండి ముందు. పడితే నన్నెవరు మోస్తారు?"

అతను రెండు చేతులా పట్టుకున్నాడు. తల మాత్రం దించలేదు. ఆవిడ కింద పడి ఉన్న మట్టి రంగు గుడ్డ వంక ఒకసారి, పైకి చూస్తున్న అతని మొహం వంక ఒకసారి చూసి, రెండో కర్టెనుకి కొక్కెం తగిలించింది.