తంగేడు పువ్వు పట్టీ

మా బావకు, అంటే అక్క మొగుడికి, నాచారంలో లేత్ మిషన్ ఉంది. టేకు ముక్కలతో పెన్నులు చేస్తాడు. వాటి నడుముకు వేసే రంగు పట్టీలు ఉప్పల్‌లో మా వంటింట్లో నేను చేసేదాన్ని. పసుపు, ఆకుపచ్చ పాలిమర్ క్లేను, అంటే కాలిస్తే గట్టిపడే ప్లాస్టిక్ మట్టిని, పువ్వు ఆకారం వచ్చేలా పోగులుగా పేర్చి, కడ్డీలా సాగదీసి, బ్లేడుతో పలచగా కోస్తే ప్రతి బిళ్ళలోనూ ఒక తంగేడు పువ్వు కనబడుతుంది. వాటిని పట్టీకి అతికించి ఓవెన్‌లో కాలుస్తాను.

మొన్న హస్తకళల మేళాలో మా స్టాల్ దగ్గర ఒకావిడ ఆ పువ్వును వేలితో తడిమి, "ఇది ఎవరు చేసిన్రు?" అని అడిగింది. నేను బావ పక్కనే ఉన్నాను.

"అది ఉత్త స్టిక్కర్ మేడం, బజార్ల దొరుకుతది. మీరు కట్టె పని సూడుండ్రి" అన్నాడు బావ.

నాకు ఒళ్లు మండిపోయింది. "స్టిక్కరా? నా సేతులు సూడు బావా, బ్లేడు గాట్లు ఇంకా మానలే!" అని అందరి ముందే అరిచాను.

"గిరాకీ ముందు నా ఇజ్జత్ తీస్తవా?" అన్నాడు పళ్లు బిగించి.

"మరి నా ఇజ్జత్ ఏంది?"

నేను వెంటనే ఇంటికి వచ్చేశాను.

మర్నాడు అక్క ఫోన్ చేసి, "జర సర్దుకోవే, ఆయన మాట గట్లనే ఉంటది" అంది. నేను సర్దుకోలేదు. ఇప్పుడు లాలాపేట్‌లో పెన్నులు చేసే ఇంకొకాయనకు పట్టీలు చేసి ఇస్తున్నాను. అక్క ఇంటికి వెళ్తే బావ ముఖం తిప్పుకుంటాడు. తిప్పుకోనీ, నా కోపం ఇంకా తగ్గలేదు.