మునిశేఖర్ ఫైల్లో వాన

కమలాక్షిది నా పక్క సీటు. మదనపల్లెలో వాన లెక్కలు కట్టే చిన్న సంస్థ మాది. పుంగనూరు, కుప్పం వైపు ఊళ్లలో వాన కొలిచే డబ్బాలు చూసుకునే మనుషులు నెలకో కార్డు రాసి బస్సు కండక్టరు చేతికిస్తారు. కమలాక్షి ఒక్కో కార్డునీ ఒక్కో ఫైలుగా కంప్యూటర్లోకి ఎక్కిస్తుంది. ప్రోగ్రాం వాటన్నిటినీ చదువుకుని ఒక రిపోర్టు రాసిస్తుంది. ఫైలుకి ఊరి పేరు కాక మనిషి పేరు పెట్టడం మా దగ్గర అలవాటు. పుంగనూరంటే లక్ష్మయ్య. కుప్పం దగ్గరి పల్లె అంటే మునిశేఖర్, అంటే ఊళ్లోనే ఉండి సేద్యం చూసుకునే కమలాక్షి మొగుడు.

ఆయన కార్డు వచ్చిన రోజు ఆ పిల్ల ముఖం చూడాలి. "మీ ఆయన వానను కూడా నీకే పంపిస్తాండాడే!" అని ఏడిపించేదాన్ని. "జాబు రాయమంటే అంకెలు రాస్తాడక్కా" అని నవ్వేది.

2001లో దసరా వెళ్లాక ముసురు పట్టింది. నెలాఖరున డబ్బా చూసి వస్తూ మునిశేఖర్ వంక దాటబోయి కొట్టుకుపోయాడు. ఆయన అప్పటిదాకా రాసి ఇంట్లో పెట్టిన ఆ నెల కార్డును వాళ్లమ్మ బయ్యమ్మ పంపింది. దినాలయ్యాక కమలాక్షి వచ్చి, ఎవర్నీ ముట్టుకోనీకుండా తనే ఎక్కించింది.

ఆ ఫైలు తీసేసి కొత్త మనిషిని పెడదామన్నాడు మా ఆఫీసరు రాజగోపాల్. "సంవత్సరీకం కానీండి సార్. అంతవరకూ ఆ పేరు తీయొద్దు" అంది కమలాక్షి. మేమంతా తలలూపాం, కొత్త మనిషిని పెట్టడం వాయిదా పడింది. ఏడాది తిరక్కుండా పోయినవాడి పేరు కొట్టేయడానికి ఎవరికి చేతులొస్తాయి?

ఆ ప్రోగ్రాం రాసిన మహానుభావుడి తెలివి చూడండి. కొత్త ఫైలు రాకపోతే పని ఆగకుండా పాత ఫైలునే మళ్లీ చదివేటట్టు రాశాడు. దాంతో మునిశేఖర్ ఆఖరి వానే నెలనెలా రిపోర్టులో కురిసింది. లక్ష్మయ్య అన్నీ సున్నాలు పంపిన ఎండాకాలంలో కూడా కుప్పం వరసలో ముసురే. రాజగోపాల్ అన్ని ఊళ్ల సగటు మాత్రం చూసి, సంతకం పెట్టి కలెక్టరాఫీసుకు పంపేవాడు. కమలాక్షి ఆ వరస తెర మీదికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టేది. "ఏమే?" అంటే, "పంపించినాడక్కా" అనేది మెల్లగా. దుఃఖంలో ఏదో అంటోందిలే అనుకున్నాను.

మరుసటేడు వేరుశెనగ ఊడలు దిగి కాయ పట్టకముందే మాడిపోయింది. ఒకరోజు పొద్దున బయ్యమ్మ బస్సు దిగి నేరుగా ఆఫీసుకొచ్చింది.

"ఏందమ్మా ఈ అన్యాయం? ఊర్లో చుక్క పడలే. కరువు లిస్టులో మా మండలం లేదంట. అడిగితే మీ కాగితంలో బాగా కురిసినట్టు ఉండాదంట. ఎవురు కొలిచినారు ఆ వాన?"

"నీ కొడుకే అత్తా" అంది కమలాక్షి. తల ఎత్తకుండానే జరిగిందంతా చెప్పింది. "ఇది తీసేస్తే ఆయన పేరు ఇంక యాడా ఉండదు. ఏడాది నిండనీ అత్తా."

ముసలామెకు చదువు రాదు. తెర మీది అంకెల్ని వేలితో తడిమింది.

"ఇదంతా ఆ నెల వానేనా?"

"అవునత్తా."

"అయితే నా బిడ్డ ఇంకా ఆ వానలోనే ఉండాడా? ఇన్ని నెల్లుగా తడస్తానే ఉండాడా?"

కమలాక్షి బావురుమంది. మొగుడు పోయినప్పుడు కూడా అంత ఏడుపు ఏడవలేదు. ఎంతసేపటికో కళ్లు తుడుచుకుని మునిశేఖర్ ఫైలు తీసేసింది. ప్రోగ్రాంని మళ్లీ నడిపితే, ఈసారి పాత ఫైలు కూడా కనబడలేదని ఆగి అంకె అడిగింది. కమలాక్షి ఒక్కో నెల పేరూ చదివి అత్తను అడిగింది. "పడలే" అంది బయ్యమ్మ ప్రతిసారీ. కమలాక్షి సున్నా కొట్టింది. రిపోర్టు కొత్తగా బయటికొచ్చింది. కుప్పం వరస ఎండిపోయింది.

బయ్యమ్మ కొంగు చేతిలోకి తీసుకుంది. వానలోంచి వచ్చిన పిల్లాడి తల తుడిచినట్టు ఆ తెరను మెల్లగా తుడిచింది.