బాబా పాడిన వరస

అజైబాలో నేను పనిచేసే అరబ్బుల ఇంటి పెద్దాయన్ని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలుస్తాను. ఇక్కడ ఇళ్లల్లో పనిచేసేవాళ్లం చాలామంది అలాగే పిలుస్తాం. బాబా వయసులో ఉండగా ఓడల్లో తిరిగాడట. ఏదో రేవులో రేడియోలో విన్న అమెరికా పాట ఒకటి ఆయన్ను పట్టుకుని వదల్లేదు. పొద్దున్నే వంటింట్లోకి వచ్చి, నన్ను పక్కకు జరగమని, తన టీ తనే కాచుకుంటూ అది పాడేవాడు. క్యాసెట్ ఎప్పుడో పాడైపోయింది. నేను విన్నదంతా ఆయన గొంతులోనే.

పాట అయ్యాక కథ. వద్దన్నా చెప్పేవాడు. అది పాడినావిడ చర్చిలో పాడుతూ పెరిగిన నల్లజాతి పిల్ల. ఏళ్ల తరబడి వేరేవాళ్ల వెనక నిలబడి వంత పాడింది. ఒకసారి ఆమెనే పాడమన్నారు. నన్ను వదిలి వెళ్లొద్దని నిదానంగా బతిమాలే పాట. ఊరూరా మోగింది. తర్వాత కంపెనీవాళ్లు గెంతులేసే పాటలు కావాలన్నారు. అవి ఆమెకు అచ్చిరాలేదు. మళ్లీ చర్చికే పోయింది. ముసలితనంలో ఎవరో గుర్తుపెట్టుకుని పిలిస్తే, కుర్చీలో కూర్చుని అదే పాట పాడిందట. ఇక్కడికొచ్చేసరికి బాబా కళ్లు తడిసేవి, టీ పొంగిపోయేది. పొయ్యి తుడిచేది నేను కదా, ఆయనకేం!

పోయిన ఏడాది బాబా పోయాడు. ఇక్కడ భర్త పోయిన మనిషి నాలుగు నెలల పైచిలుకు ఇల్లు కదలదు. అత్తరు లేదు, నగలు లేవు, ఆ ఇంట్లో పాటా లేదు. మామా అన్నీ పాటించింది గానీ ఒక్కసారీ ఏడవలేదు. ఒక మధ్యాహ్నం హిందీలో నాతో అంది: "ముఖం ఫోటోల్లో ఉంది. గొంతు ఎక్కడా లేదు. అప్పుడే మరిచిపోతున్నాను."

నిజమే. ఫోనంటే ఆయనకు గిట్టదు, ఎవరికీ ఒక్క వాయిస్ మెసేజ్ కూడా పెట్టలేదు.

ఆ రోజుల్లోనే రొట్టెలు ఒత్తుతూ అలవాటుగా బాబా పాట కూనిరాగం తీశాను. బాబా చెల్లెలు "ఐబ్!" అని కసిరింది, సిగ్గులేదా అని. నాలుక కరుచుకున్నాను. గుమ్మంలో మామా నిలబడి ఉంది.

గడువు తీరాక మామా మనవరాలు ఫోన్లో వెతికి ఆ పాట పెట్టింది.

'ఇదేంది సామీ, వేరే పాట మాదిరుందే' అనుకున్నాను. బాబా గొంతు కిందికి దిగే చోట ఆవిడ గొంతు ఎక్కడికో పైకి లేచింది. ఆయనకు అందక దిగినదాన్నే నేను పాట అనుకుని నేర్చుకున్నానన్నమాట.

మామా చివరిదాకా విని, "బాగా పాడింది" అని లేచి నా వెంట వంటింట్లోకి వచ్చింది.

"నువ్వు పాడు."

"నాది తప్పు వరస, మామా. బాబాకు పైకి అందేది కాదు."

"అదే కావాలి."

పాడాను. ఆ చోటుకు వచ్చి గొంతు దించగానే మామా గడప మీద కూలబడి ఏడ్చేసింది. భయపడి ఆపేశాను. తలమీది ముసుగు కొంగు నోటికి అడ్డం పెట్టుకునే, పాడమని చెయ్యి ఊపింది.